పోనీ గుర్రాలకు జోడీ ఎంచడం ఎలా: ఏ లోపానికి ‘పోనీలే’ అనొచ్చు, దేనికి అనకూడదు

తెలుగులో ‘పోనీ’ అంటే రెండు అర్థాలు. ఒకటి ఇంగ్లిష్ నుంచి వచ్చిన పొట్టి గుర్రం. మన పెద్దలు దాన్నే తట్టువ అనేవాళ్లు. రెండోది మన ఇంట్లోనే పుట్టిన మాట: పోనీలే, సర్దుకుపోదాం. పొట్టి గుర్రాల్ని పెంచేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. మోకాలు కాస్త వెనక్కి ఒరిగింది, పోనీలే, రంగు బాగుంది. డెక్క చీలింది, పోనీలే, నాడా కొట్టిస్తే సరిపోతుంది. ఛాతీ సన్నం, పోనీలే, ఉలవలు పెడితే వస్తుంది.

సవారీకో, బరువులు మోయించడానికో కొనే గుర్రం విషయంలో ఈ సర్దుబాటు కొంతవరకు నడుస్తుంది. దాని లోపం దానితోనే పోతుంది. పిల్లలు తీయడానికి ఎంచుకునే గుర్రం లోపం అలా పోదు, ఏటా ఈనుతూనే ఉంటుంది. అందుకని జోడీ ఎంచడమంటే లోపం లేని గుర్రాన్ని వెతకడం కాదు, అలాంటిది దొరకదు కూడా. ఏ లోపాన్ని వదిలేయొచ్చో, ఏది చూడగానే తాడు యజమాని చేతిలో పెట్టి వెనక్కి రావాలో తెలియడమే అసలు పని.

అంతర్జాతీయ పోటీల లెక్కలో నాడాలు లేకుండా మూపు దగ్గర, అంటే మెడా వీపూ కలిసే ఎత్తైన చోట, 148 సెంటీమీటర్లకు మించనిది పోనీ. పాతకాలపు కొలతలో ఇది సుమారు 14.2 చేతులు. ఇక్కడ చెయ్యి అంటే 4 అంగుళాలు, చుక్క తర్వాతి అంకె అంగుళాలు. కాబట్టి 14.2 అంటే సరిగ్గా పద్నాలుగున్నర అన్నమాటే గానీ పద్నాలుగూ ఐదో వంతు కాదు. ఈ ఒక్క చోట పొరబడి బేరాల్లో తగాదా పడ్డవాళ్లున్నారు.

ముందు పని తేల్చుకోండి

పాడేరు, చింతపల్లి మన్యంలో రోడ్డు లేని గూడేలకు బియ్యం బస్తాలు ఎక్కించే గుర్రానికి కావాల్సింది వేరు, బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రానికి కావాల్సింది వేరు. కొండ ఎక్కేదానికి పొట్టి నడుము, బలమైన వెనక కాళ్లు, గట్టి డెక్కలు కావాలి. పిల్లల గుర్రానికి వీటితో పాటు జీను జారని మూపు, అన్నిటికంటే ముందు నెమ్మది గుణం కావాలి. బండికైతే భుజం కాస్త నిటారుగా ఉన్నా ఫరవాలేదు, కాడి సరిగా కూర్చుంటుంది.

మన దేశంలో గుర్తింపు పొందిన పోనీ జాతుల్ని చూసినా ఇదే కనిపిస్తుంది. లదాఖ్ జన్‌స్కారీ, హిమాచల్ స్పితి, సిక్కిం, డార్జిలింగ్ వైపు భుటియా చలిలో కొండల మీద మూటలు మోయడానికి తయారైనవి. మణిపురి పోనీ 11 నుంచి 13 చేతుల మధ్యలో ఉంటూ పోలో మైదానంలో మెలికలు తిరుగుతుంది. మన కృష్ణలో కలిసే భీమా నది పేరు మీదే ఉన్న భీమ్‌థడీ గుర్రం ధనగర్ గొర్రెల కాపరుల సంసారాన్ని వీపు మీద పెట్టుకుని ఊరూరూ తిరుగుతుంది. ఎవరూ అందం కోసం వీటిని తయారు చేయలేదు. పని చేయలేనిది మిగల్లేదు, అంతే.

మన ఊళ్లలో తిరిగే జట్కా తట్టువలకు, మన్యం గుర్రాలకు రాతపూర్వకమైన జాతి లక్షణాలు లేవు. కాబట్టి మీ ప్రమాణం మీరే రాసుకోవాలి. ఒక నోటు పుస్తకం కొనుక్కుని మొదటి పేజీలో ‘నా గుర్రం ఈ పని చేయాలి’ అని ఒక్క వాక్యం రాయండి. అది రాయలేకపోతే గుర్రాన్ని దాటించడం, అంటే జత కట్టించడం, ఈ ఏటికి వాయిదా వేయండి.

చూడటానికి వెళ్లేటప్పుడు

జేబులో టైలర్ టేపు, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుదారం, నోటు పుస్తకం ఉండాలి. పొద్దున్నే, గుర్రాన్ని పనికి కట్టకముందే వెళ్లండి. కాసేపు నడిపించి ఒళ్లు వేడెక్కించాక చూపించే గుర్రంలో చిన్న కుంటు కనపడదు. ఇది అమ్మేవాళ్లందరికీ తెలుసు. మీకూ తెలుసని వాళ్లకు తెలియనివ్వండి.

సిమెంటు చపటా మీదో, గట్టి చదునైన నేల మీదో నిలబెట్టమనండి. గడ్డిలో నిలబెడితే డెక్కలు దాక్కుంటాయి, కాస్త ఎత్తు మీద ముందుకాళ్లు పెట్టిస్తే వంగిన నడుము కూడా నిటారుగా అనిపిస్తుంది. కాళ్లకు బురద ఉంటే నీళ్లు పోసి కడిగించండి. జీను, మూటల కింద వేసే గంత తీయించండి. నాలుగు కాళ్ల మీదా సమంగా నిలబడ్డాక పక్కనుంచి, ఎదురుగా, వెనకనుంచి ఫోటోలు తీసుకోండి. ఫోన్‌ని గుర్రం మోచేయి ఎత్తులో పట్టుకోవాలి. పైనుంచి తీస్తే కాళ్లు పొట్టివైపోతాయి.

ఇక్కడి నుంచి ఒక్కటే వరస: కింద నుంచి పైకి. మొహం ఆఖరున. ఎందుకంటే పెద్ద కళ్లు, సన్నని ముక్కు, జూలు చూశాక మన మనసు అప్పటికే బేరం ఆడేసి ఉంటుంది.

డెక్కలు

ముందు రెండు డెక్కలూ జతగా ఉన్నాయా చూడండి. ఒకటి నిటారుగా ఇరుకుగా, ఇంకోటి పరుచుకున్నట్టుగా ఉంటే ఆ ఇరుకు కాలి మీద గుర్రం బరువు పెట్టడం లేదని అనుమానించాలి. పక్కనుంచి చూస్తే డెక్క ముందు గోడ, దాని పైనున్న ఏటవాలు భాగం ఒకే గీతలో ఉండాలి. ఆ ఏటవాలు భాగాన్ని పాస్టర్న్ అంటారు. ఆ గీత మధ్యలో విరిగినట్టుంటే అది డెక్కలు కోయడంలో వచ్చిన పొరపాటా, పుట్టుకతోనా అని అడగండి. కోత పొరపాటైతే పోనీలే, రెండు మూడు సార్లు సరిగా కోయిస్తే దారిలోకి వస్తుంది.

కాలు ఎత్తించి అడుగు చూడండి. మడమ వైపు వెడల్పుగా, మధ్యలోని వి ఆకారపు మెత్తటి భాగం పెద్దదిగా, పొడిగా, వాసన లేకుండా ఉండాలి. కుళ్లు వాసన వస్తే అది కొట్టం శుభ్రతకు సంబంధించిన సంగతి, వంశానికి కాదు.

గోడ పొరలు పొరలుగా విడిపోతుంటే మాత్రం ఆగండి. ఐర్లండ్ కనెమారా పోనీల్లో ఇలాంటి జబ్బు ఉంది. చిన్న పిల్లగా ఉన్నప్పుడే డెక్క గోడ అంచులు చీలి ఊడిపోతుంటాయి, గుర్రం అరికాలి మీద బరువు మోయాల్సి వస్తుంది. కారణమైన జన్యుమార్పును 2015లో పట్టుకున్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి చక్కగా ఉండి లోపల ఆ జన్యువును మోస్తున్నవాళ్లే అయితే, పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఇప్పుడు అక్కడ వెంట్రుకలు పంపించి పరీక్ష చేయించుకుంటారు. మన గుర్రాలకు ఆ జబ్బే ఉందని చెప్పడం లేదు. ‘తండ్రి డెక్కలు బాగానే ఉన్నాయిగా’ అనే మాట చాలదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

ఎముక: చూసేది కాదు, కొలిచేది

గుర్రాల వాళ్లు ‘దీనికి మంచి ఎముక ఉంది’ అంటే ముందరి కాలి మోకాలి కింద, నిలువుగా దిగే గొట్టపెముక చుట్టుకొలత అని అర్థం. ఎడమ ముందుకాలు మోకాలికి సరిగ్గా కింద టేపు చుట్టండి. వెంట్రుకలు అణచండి. టేపు బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. గుర్రం ఆ కాలి మీద బరువు పెట్టి నిలబడి ఉండాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోండి. తర్వాత కుడికాలు. రెండింటికీ అర సెంటీమీటరు తేడా వచ్చిందంటే ఎక్కడో పాత దెబ్బో, వాపో, ఎముక పక్కన బొడిపో ఉన్నట్టే. చేత్తో తడిమి వెతకండి.

ఇప్పుడు రెండో కొలత. చాలామంది దీన్ని వదిలేస్తారు. అదే కాలికి కింది కీలుకు కాస్త పైన చుట్టండి. మోకాలి కింది కొలత దీనికంటే తక్కువ వస్తే ఆ కాలు మోకాలి కింద నొక్కేసినట్టు ఉందని అర్థం. వెనక నరాలు (డాక్టర్లు టెండన్లు అనేవి) దిగడానికి అక్కడ చోటు లేదు. ఇది పెద్ద లోపం. బరువు మోసే జాతిలో అసలు పనికిరాదు.

గుర్రాల వాళ్ల నోట ‘చదును ఎముక మంచిది, గుండ్రటి ఎముక చెడ్డది’ అనే మాట కూడా వింటారు. నిజానికి ఏ గుర్రం ఎముకా చదునుగా ఉండదు. కాలి వెనక దిగే నరం ఎముకకు దూరంగా, బిగుతుగా, విడిగా ఉంటే పక్కనుంచి చూసినప్పుడు కాలు పలకలా కనిపిస్తుంది. నరం ఎముకకు అతుక్కుపోయి, మధ్యలో చర్మం, కొవ్వు నిండితే గుండ్రంగా కనిపిస్తుంది. కళ్లు మూసుకుని బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని పైనుంచి కిందికి జారండి. ముందు గట్టి ఎముక, తర్వాత ఒక గాడి, దాని వెనక బిగించిన తాడులా నరం తగలాలి. గాడి తగలకుండా అంతా మెత్తగా ఒకే ముద్దలా అనిపిస్తే టేపు మీద వచ్చిన అంకెను నమ్మకండి. టేపు ఎముకతో పాటు నీటివాపునూ, మందపాటి చర్మాన్నీ, వెంట్రుకలనూ కూడా కొలుస్తుంది.

ఇంతకీ ఎంత ఉండాలి? ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న ఫెల్ పోనీ ప్రమాణంలో మోకాలి కింద కనీసం 8 అంగుళాలు అని రాసి ఉంటుంది. అంటే 20 సెంటీమీటర్లు. కనెమారాకు 18 నుంచి 21. ఇవి 13, 14 చేతుల ఎత్తుండే, తరతరాలుగా ఎముక కోసమే ఎంచిన గుర్రాలు. ఈ అంకెల్ని తెచ్చి 12 చేతుల మన తట్టువ పక్కన పెట్టి నిరుత్సాహపడకండి. మీ గుర్రాన్ని అదే ఎత్తున్న పక్క గుర్రంతో పోల్చండి.

ఎత్తు కలవకుండా పోల్చడంలో ఒక మోసం ఉంది. గుర్రం పెద్దదయ్యే కొద్దీ బరువు పెరిగినంత వేగంగా ఎముక చుట్టుకొలత పెరగదు. కాబట్టి కిలోకి ఇన్ని సెంటీమీటర్లు అని లెక్కేస్తే చిన్న గుర్రం ఎప్పుడూ గెలుస్తుంది. ఒకే ఎత్తున్న రెండు ఆడగుర్రాల్లో ఒకదానికి 16, ఇంకోదానికి 17.5 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి. ఒకటిన్నర సెంటీమీటరే కదా అనిపిస్తుంది. కానీ మోత మోసేది అడ్డుకోత వైశాల్యం. అది చుట్టుకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క కడితే రెండోదానికి దాదాపు 20 శాతం ఎక్కువ. ఈ ఒక్క లెక్క అర్థమైతే టేపు లేకుండా గుర్రం చూడటానికి వెళ్లరు.

బరువు కూడా కట్టుకోండి. ముందరి కాళ్ల వెనక, మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. భుజం ముందు మొన నుంచి పిరుదు వెనక మొన దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 150, పొడవు 135 సెంటీమీటర్లయితే సుమారు 256 కిలోలు. మోయించే బరువు జీనుతో కలిపి ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదనేది చాలాకాలంగా ఉన్న లెక్క. అంటే ఈ గుర్రానికి 51 కిలోలు. యాభై కిలోల బియ్యం బస్తా, పైన గంత, దాని మీద మనిషి కూడా ఎక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలా మోసిన ఆడగుర్రం కాళ్లు వాచి ఉంటే, ఆ వాపు వంశంలోదా, వాడకంలోదా విడదీసి చూడాలి. వాడకంలోదైతే దాని పిల్ల మంచిదే పుట్టవచ్చు. ఇలాంటి గుర్రాలు చవగ్గా దొరుకుతాయి. కన్ను ఉన్నవాడికి బేరం ఇక్కడే.

మోకాలు, వెనక కీలు: గుండుదారం పని

భుజం ముందు మొన దగ్గర దారం పట్టుకుని ఎదురుగా నిలబడండి. గుండు మోకాలి మధ్యగా, కింది కీలు మధ్యగా, డెక్క మధ్యగా దిగాలి. మోకాలు దారానికి పక్కగా తప్పుకుని, గొట్టపెముక దాని కింద బయటి వైపుకు అతికించినట్టుంటే లోపలి వైపు ఎముక బొడిపెలు కట్టే గుర్రం అది. డెక్కలు కాస్త బయటికి తిరిగి ఉంటే, గుర్రం చిన్నదై ఛాతీ ఇంకా సన్నగా ఉంటే, పోనీలే. ఛాతీ విచ్చుకునే కొద్దీ సర్దుకుంటుంది. ఏడెనిమిదేళ్ల గుర్రానికి అలా ఉంటే ఇక సర్దుకోదు.

పక్కనుంచి చూడండి. మోకాలు కాస్త ముందుకు వంగినట్టుంటే చూడ్డానికి బాగోదు గానీ చాలాసార్లు అది నొప్పి తేదు, పోనీలే. వెనక్కి ఒరిగితే మాత్రం వద్దు. ప్రతి అడుగులోనూ మోకాలి ముందున్న చిన్న ఎముకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, వెనక నరం సాగుతుంది. కొండ దిగేటప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది.

ఈ లోపం నాకు ఖరీదుగా తెలిసింది. మొదట్లో నేను కొన్న మగగుర్రం పంచకళ్యాణి. నాలుగు కాళ్లకూ తెల్ల సాక్సులు, నుదుట తెల్ల పట్టె. సంతలో అందరూ దాని చుట్టూ మూగారు. మోకాలు రవ్వంత వెనక్కి ఉందని నాకు అప్పుడే అనిపించింది. పోనీలే అనుకున్నాను. మూడేళ్లలో దానికి పుట్టిన ఐదు పిల్లల్లో మూడింటికి అదే మోకాలు. తెల్ల సాక్సులు వచ్చింది ఒక్కదానికే. నాడా దొరికిందని గుర్రం కొన్నట్టు అనే సామెత నాలాంటివాణ్ని చూసే పుట్టి ఉంటుంది.

వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలును హాక్ అంటారు. మన ఒంట్లో అది మడమతో సమానం. పిరుదు వెనక మొన నుంచి దారం వదిలితే హాక్ మొన తాకుతూ గొట్టపెముక వెంబడి దిగాలి. హాక్ బాగా వంగి కాలు పొట్ట కిందికి పోయి, కొడవలిలా కనిపిస్తే ఆ కీలు వెనక వాపులొస్తాయి. అసలు వంపే లేక గుంజలా ఉన్నా కష్టమే. తొడ కింద మోకాలి చిప్ప ఇరుక్కుని కాలు వెనక్కి బిగుసుకుపోవడం అలాంటి వాటిలో తరచూ కనిపిస్తుంది. షెట్లాండ్ లాంటి చిన్న పోనీల్లో చిప్ప సమస్యలు మరీ ఎక్కువ. గుర్రాన్ని వెనక్కి నడిపించి, చిన్న వలయంలో తిప్పి చూడండి. కాలు ఒక్క క్షణం పట్టేసి, టక్కుమని వదిలితే విత్తనానికి పనికిరాదు.

వెనకనుంచి చూసినప్పుడు రెండు హాక్‌లూ కొద్దిగా దగ్గరగా, డెక్కలు కొద్దిగా బయటికి ఉంటే కొండ గుర్రాల్లో అది మామూలే. పుస్తకాల్లో లోపమని రాస్తారు, నేను మాత్రం పోనీలే అంటాను. హాక్‌లు దూరంగా పోయి కాళ్లు విల్లులా ఉంటే అనను.

మొండెం

మోచేయి నుంచి నేల దాకా ఎంత ఉందో, మూపు నుంచి ఛాతీ అడుగు దాకా ఇంచుమించు అంతే ఉండాలి. కాళ్లు పొడవై ఛాతీ లోతు లేనిదాన్ని పక్కనుంచి చూస్తే కింద వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. పోనీకి అది అందం కాదు. గుండెకూ ఊపిరికీ చోటు కావాలి. ఎదురుగా నిలబడి రెండు ముందుకాళ్ల మధ్య మీ అరచెయ్యి అడ్డంగా పట్టేంత వెడల్పుందా చూడండి.

మూపు మరీ గుండ్రంగా ఉంటే జీను కొండ దిగేటప్పుడు మెడ మీదికి, ఎక్కేటప్పుడు వెనక్కి జారుతుంది. నడుము పొట్టిగా, కండ నిండి ఉండాలి. ఆడగుర్రానికి కాస్త పొడవున్నా ఫరవాలేదు, పిల్లకు చోటు కావాలిగా. మగదానికి ఆ మినహాయింపు లేదు. పొట్టను చూసి మోసపోవద్దు. నాసి గడ్డి తిన్న గుర్రానికి పొట్ట పెద్దదిగా, వీపు సన్నంగా ఉంటుంది. అది మేత లెక్క.

ఇక మొహం

పెదవులు ఎత్తి పళ్లు చూడండి, వయసుకే కాదు. పై పళ్లు కింది పళ్ల మీదుగా చిలకముక్కులా ముందుకొస్తే గడ్డి కొరకలేదు. అది వంశంలో దిగే లోపం, వద్దు. మగగుర్రానికి రెండు వృషణాలూ కిందికి దిగి ఉండాలి. ఒకటే ఉన్నదాన్ని ఎంత అందంగా ఉన్నా విత్తనానికి పెట్టకండి.

సుడుల గురించి మీరు అడుగుతారని తెలుసు. నుదుట సుడి, మెడ సుడి, కన్నీటి దగ్గర సుడి అంటూ ధర సగానికి కోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాతకాలంలో గుర్రాల శాస్త్రం చెప్పిన శాలిహోత్రుడి పేరు చెప్పి వాదించేవాళ్లతో నేను గొడవపడను. సుడి కారణంగా తక్కువకు వస్తున్న గుర్రం కాళ్లు బాగుంటే నోరు మూసుకుని కొంటాను. పెళ్లిళ్లకు గిరాకీ ఉందని తెల్ల గుర్రాన్నే ఎంచేవాళ్లకు ఒక మాట. మనం తెల్ల గుర్రమనేవాటిలో చాలావరకు ముదురు రంగులో పుట్టి ఏటేటా నెరిసేవే. వయసు మీరే కొద్దీ వాటిలో తోక కింద నల్ల గడ్డలు లేవడం ఎక్కువ. తోక ఎత్తి చూడటం మరిచిపోకండి.

నడిపించి చూడటం

తాడు వదులుగా పట్టుకుని ఇరవై అడుగులు మీకు ఎదురుగా, మళ్లీ మీనుంచి దూరంగా నడిపించమనండి. తాడు బిగించి తల పట్టుకుని నడిపిస్తే కుంటు దాగుతుంది. తర్వాత చిన్న పరుగు. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు తాకినప్పుడు తల పైకి లేస్తుంది. గట్టి నేల మీద చప్పుడు కూడా వినండి. నాలుగు అడుగుల చప్పుడూ ఒకేలా రావాలి. పాత జట్కావాళ్లు వీధి మలుపులో వచ్చే బండి గుర్రం ఏ కాలు కుంటుతుందో ఇంట్లో కూర్చునే చెప్పేవాళ్లు.

వాలు మీద ఎక్కించి దింపించండి. దిగేటప్పుడు డెక్క ఎక్కడ పెట్టాలో చూసుకుని దిగేదాన్ని, కుక్కలొచ్చినా బెదరనిదాన్ని నేను ఒక సెంటీమీటరు ఎముక తక్కువున్నా తీసుకుంటాను. గుణం కూడా దిగుతుంది. తల్లిని చూస్తూ పిల్ల నేర్చుకుంటుంది కూడా.

జోడీ కట్టడం

ఇద్దరికీ ఒకే లోపం ఉండకూడదు. ఇది అందరికీ తెలిసిన సూత్రమే. తెలియనిది ఇంకోటి ఉంది. ఒక లోపాన్ని దాని ఎదురు లోపంతో సరిచేయలేం. కొడవలి కాళ్ల ఆడదానికి గుంజ కాళ్ల మగదాన్ని కడితే మధ్యస్థపు పిల్ల వస్తుందని అనుకుంటారు. కొడవలి పిల్లా రావచ్చు, గుంజ పిల్లా రావచ్చు. సరిగ్గా ఉన్నదాన్ని కట్టాలి.

ఎత్తు కోసం మార్వాడీ మగగుర్రాన్ని తెచ్చి తట్టువలకు కట్టడం ఇప్పుడొక మోజు. నేను చూసినంతలో మొదటి తరంలో కాళ్లు పొడవవుతాయి, గొట్టపెముక లావు మాత్రం తల్లి దగ్గరే ఆగిపోతుంది. బరువు పెరిగి, ఎముక పెరగని పిల్ల మూటలకు పనికిరాదు, పరుగుకూ చాలదు. పెద్ద మగదాన్ని చిన్న ఆడదానికి కడితే ఈనేటప్పుడు పిల్ల అడ్డం పడుతుందేమోనని కొందరి భయం. 1938లో కేంబ్రిడ్జిలో భారీ షైర్ గుర్రాల్నీ షెట్లాండ్ పోనీల్నీ రెండు వైపుల నుంచీ కలిపి చూశారు. షెట్లాండ్ తల్లి తన కడుపు పట్టేంత పిల్లనే ఈనింది. షైర్ తల్లికి అదే కలయికలో దాదాపు మూడు రెట్ల బరువున్న పిల్ల పుట్టింది. పుట్టేటప్పటి పరిమాణాన్ని చాలావరకు తల్లి కడుపే నిర్ణయిస్తుందన్నమాట. ‘ఆడదేదైనా ఫరవాలేదు, మగది మంచిదైతే చాలు’ అనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మగగుర్రాన్ని ఒక్కదాన్నే చూసి రావద్దు. దానికి వేర్వేరు తల్లులకు పుట్టిన మూడు నాలుగు పిల్లల్ని చూడండి. అన్నిటిలోనూ ఒకే లోపం కనపడితే అది తండ్రిదే. ఊరంతటికీ ఒకే మగగుర్రమైతే మీ ఆడగుర్రం దాని కూతురో మనవరాలో కాదని రూఢి చేసుకోండి. దాటించే ముందు పశువైద్యుడితో రెండింటికీ రక్తం తీయించి గ్లాండర్స్ పరీక్ష చేయించండి. అది మనుషులకూ సోకే జబ్బు. దేశంలో ఈ పరీక్షలకు పెద్ద దిక్కు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం.

పిల్ల పుట్టాక మీరు చెడగొట్టకుండా

సుమారు 340 రోజులకు ఈనుతుంది. పుట్టినప్పుడు పిల్లకు కాళ్లే కనిపిస్తాయి. గొట్టపెముక పొడవు అప్పటికే చాలావరకు వచ్చేసి ఉంటుంది, లావు మాత్రం ఇంకా రావాలి. ఆ లావు సగం వంశం, సగం మీ చెయ్యి.

మన దగ్గర ఎముకను తినేసేది తవుడు. బియ్యపు తవుడులో కాల్షియం కన్నా భాస్వరం పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కావాల్సింది దానికి తలకిందులు: కాల్షియమే భాస్వరం కంటే ఎక్కువ, ఒకటిన్నర నుంచి రెండింతలు. ఈ తేడా పడినప్పుడు ఒళ్లు ఎముకలోని కాల్షియాన్ని లాగేసుకుంటుంది. దవడలు, ముక్కు ఎముకలు ఉబ్బి తల పెద్దదవుతుంది, కాళ్లు కుంటుతాయి. దీనికి తోడు ఇప్పుడు అందరూ వేస్తున్న నేపియర్ లాంటి గడ్డిలో ఉండే ఆక్సలేట్ మేతలోని కాల్షియాన్ని పేగులోనే బంధించేస్తుంది. ఆవుకు అంతగా ఇబ్బంది లేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను విరగ్గొడతాయి. గుర్రానికి ఆ సౌకర్యం తక్కువ. పూటకు బకెట్టు తవుడు, మోపు నేపియర్ వేసి ‘బాగా మేపుతున్నాం’ అనుకునేవాళ్లను చూశాను. ఉలవలు నయం, వాటిలో కాల్షియం, భాస్వరం ఇంచుమించు సమానం. లూసర్న్ పచ్చిమేత దొరికితే రోజూ కొంచెం వేయండి. సున్నపురాయి పొడి ఎంత కలపాలో మేత చూపించి డాక్టరునే అడగండి.

పిల్ల ముందుకాళ్లకు బందం వేయకండి. పరిగెత్తే ఎముకే గట్టిపడుతుంది. అలాగని మూడేళ్లు నిండకముందు మూట పెట్టొద్దు, మనిషిని ఎక్కించొద్దు. మోకాలి పైన ఎముక ఎదిగే చోటు మూసుకోవడానికి రెండేళ్లు దాటుతుంది, వెన్నుపూసలకు ఐదేళ్లు పైనే.

మూడు నెలలకోసారి ఎత్తు, ఛాతీ, ఎముక కొలిచి అదే నోటు పుస్తకంలో రాయండి. మూడు రోజులప్పుడు, మూడు నెలలప్పుడు, మూడేళ్లప్పుడు పిల్లను నిలబెట్టి బాగా చూడాలని బ్రిటన్ పెంపకందార్లు అంటారు. మధ్యలో ఏడాది వయసులో అన్నీ గాడిదల్లాగే కనిపిస్తాయి. అప్పుడు చూసి అమ్మేయకండి. మగపిల్లల్లో విత్తనానికి ఉంచాల్సింది చాలా తక్కువ. మిగిలినవాటికి విత్తులు తీయిస్తే పని బాగా చేస్తాయి, లోపాలూ ముందుకు పోవు.

నా కొట్టంలో ఇప్పుడు ఏడాదిన్నర మగపిల్ల ఒకటి ఉంది. మట్టి రంగు, ఒంటి మీద ఎక్కడా తెల్లమచ్చ లేదు, నుదుట సుడి రెండుగా చీలింది. సంతలో ఎవరూ ఆగి చూడరు. మొన్న కొలిస్తే ఎముక మోకాలి కింద 15.5, కింది కీలు పైన 15. మోకాలు నిటారుగా ఉంది. మూడేళ్లు నిండేదాకా విత్తులు తీయడానికి డాక్టరును దాని జోలికి రానివ్వను.